అన్నం తిన్నావా అని అడిగే ఇల్లు

ముందే చెప్పేస్తున్నాను. నాకు డెబ్భై ఏడేళ్లు. ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో ఈ మధ్య కలగాపులగం అవుతోంది. మొన్న బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తురాక, రాసిపెట్టుకున్న కాయితం కోసం ఇల్లంతా వెతికాను. దొరికింది. అందులో "మాత్ర సంగతి రాసుకోవాలి" అని ఉంది. కాబట్టి ఈ కథలో వరస తప్పితే ఆ తప్పు నాది. కథ మాత్రం నాది కాదు. మా మేనల్లుడు ఫ్రాన్సిస్‌కి జరిగింది. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. చివర్లో కాస్త నాకూ జరిగింది.

రేపల్లె నుంచి కాలవ కట్ట వెంబడి మూడు మైళ్లు పోతే మా ఊరు. ఊరు ఇంకా రాకముందే, కట్ట దిగువన ఒంటరిగా ఒక పెంకుటిల్లు. మా నాన్న బర్నబాస్ ఉపదేశి గారి ఇల్లు. ఉపదేశి అంటే మా లూథరన్ సంఘాల్లో ఆదివారం వాక్యం చెప్పి, మిగతా ఆరు రోజులూ పిల్లలకి బడి చెప్పే మనిషి. మా అమ్మ పేరు మార్తమ్మ. ఇద్దరూ పోయి ముప్పై ఏళ్లు దాటింది. అప్పట్నించీ ఆ ఇల్లు తాళం వేసే ఉంది.

తాళం వేసి ఉంది గానీ... ఖాళీగా లేదంటారు.

గురువారం పొద్దుగూకాక ఆ ఇంటి పక్కన నడవకూడదు. లోపల పళ్లేల చప్పుడవుతుంది — ఒకటీ రెండూ కాదు, బంతి భోజనానికి వరసగా వేస్తున్నట్టు. కిటికీ సందుల్లోంచి ఊదు పొగ వాసన వస్తుంది, పీర్ల పండక్కి వస్తుందే, అదీ. ఆ వెనకాలే, చీకట్లోంచి ఒక ఆడగొంతు మెల్లగా అడుగుతుంది —

"అన్నం తిన్నావా?"

అంతే. పీక పిసకదు, జుట్టు విరబోసుకోదు, చెట్టెక్కదు. అన్నం తిన్నావా అని అడుగుతుంది. మా వైపు దెయ్యాలకి కూడా మర్యాదలు ఎక్కువ.

"లేదు" అన్నవాళ్లని లోపలికి తీసుకెళ్తుందట. లోపలికెళ్లినవాళ్లు మళ్లీ బయటికి రారట. ఎవరెళ్లారు, ఎవరు రాలేదు అని అడిగితే ఎవరూ చెప్పలేరు. కానీ ఊరుకోరు. అందుకని ఆ ఇల్లు దాటేవాళ్లంతా, అడక్కముందే "తిన్నామమ్మా, తిన్నాం" అనుకుంటూ పోతారు. నాట్లేసి ఖాళీ కడుపుతో ఇంటికి పోయే ఆడవాళ్లూ తిన్నామనే అంటారు. శ్రమదినాల్లో నలభై రోజుల ఉపవాసం పట్టిన సంఘపెద్ద ఒకాయన, కట్ట మీద నుంచి "తిన్నాను, తిన్నాను, కడుపునిండా తిన్నాను" అని అరుస్తూ పరిగెత్తి, ఆదివారం గుళ్లో సాక్ష్యం చెప్పడానికి లేవలేకపోయాడు.

ఇంతకీ ఆ దెయ్యం ఎవరంటే — మా అమ్మ.

నాకు ఒళ్లు మండేది. మా చెల్లెలు కృపారాణికి ఇంకా మండేది. అది బాపట్లలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది. ఎవరిమీద కోపమొచ్చినా పాఠం చెప్పినట్టే తిడుతుంది.

"అమ్మ దెయ్యమవడమేంటక్కా? గుళ్లో కన్‌ఫర్మేషన్ తీసుకున్న మనిషి! లూథరన్లు పోతే పునరుత్థానం దాకా నిద్రలో ఉంటారు. లేచి పళ్లేలు సర్దరు."

పాస్టరు గారు కూడా అదే మాట చెప్పారు. కాకపోతే పట్టపగలు, ఆ ఇంటికి బాగా దూరంగా నిలబడి చెప్పారు.

ఈ ఏడాది సంఘం వాళ్లు ఆ ఇల్లు పడగొట్టి ప్రార్థన హాలు కట్టుకుంటామన్నారు. సరే అన్నాం. హాలు ముందుగోడలో నల్లరాయి ఒకటి పెడతారట. "బర్నబాస్ ఉపదేశి గారు, మార్తమ్మ గారు, వారి సంతానము" అని చెక్కించి, కింద పేర్లు. ఇంట్లో పెద్దదాన్ని కాబట్టి ఆ పేర్లు నన్ను రాసిమ్మన్నారు. ఆదివారానికల్లా కావాలన్నారు.

ఎన్ని పేర్లు కనక? పెద్దాడు మా అన్న శాలేమురాజు, పోయి తొమ్మిదేళ్లు. తర్వాత నేను, విజయమ్మని. ఆఖరిది కృప. మూడే మూడు. ఎంత మతిమరుపొచ్చినా మూడు పేర్లు రాయలేనా? రాసి దిండు కింద పెట్టుకున్నాను. నేను రేపు అన్నీ మర్చిపోయినా, ఎవరెవరు ఉండేవాళ్లో ఆ రాయి మర్చిపోదు కదా అని ఆ నాలుగు రోజులూ నిబ్బరంగా నిద్రపోయాను.

అప్పుడు ఫ్రాన్సిస్ ఆ ఇంటికి వెళ్లాడు.

ఫ్రాన్సిస్ మా అన్న కొడుకు. బాపట్లలో ఒక కాలేజీలో గుమాస్తా. యాభై మూడేళ్లు. వాడికి షుగరుంది, అబద్ధం చెప్పడం రాదు. ఈ రెండూ ఉన్నవాడు ఆ ఇంటి వైపు పోకూడదు. ఇల్లు పడగొట్టేలోపు అటక మీద నాన్న బైబిలు, ఫొటోలు ఏవన్నా మిగిలుంటే తెచ్చుకుందామని బయల్దేరాడు. మధ్యాహ్నానికి చేరాల్సినవాడు. తెనాలిలో రేపల్లె బండి రెండు గంటలు నిలబెట్టేసింది. రేపల్లెలో దిగేసరికి దీపాలు పెట్టేవేళ దాటింది. ఆ రోజు ఏ వారమో వాడు చూసుకోలేదు.

గురువారం.

ఆటో అతను ఇంటికి ఇంకా వంద గజాలుందనగా కట్ట మీదే ఆపేశాడు.

"ఇంకాస్త ముందుకు పోనివ్వు బాబాయ్."

"ఇక్కడిదాకానేనండి."

"ఏం, రోడ్డు బాలేదా?"

"రోడ్డు బ్రహ్మాండంగా ఉందండి." అతను ఇంజను ఆపలేదు. గొంతు మాత్రం తగ్గించాడు. "సార్... మీరు భోంచేశారా?"

"లేదయ్యా. బండి లేటు."

"ఆ మాట నాతో అన్నారు, పర్లేదు. అక్కడ మాత్రం అనకండి. తిన్నాననండి. ఏం తిన్నారని అడగదు."

ఆటో గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. దాని ఎర్రదీపం కనపడినంతసేపూ ఫ్రాన్సిస్ దాన్నే చూస్తూ నిలబడ్డాడట. తర్వాత ఏమీ కనపడలేదు. ఊళ్లో కరెంటు లేదు. కాలవలో నీళ్ల చప్పుడు కూడా లేదు.

వాడు ఫోను లైటు వేసుకుని కట్ట దిగాడు. రెండు అడుగులు... పది అడుగులు...

టంగ్.

ఆగాడు.

టంగ్ — మళ్లీ. సత్తు పళ్లెం గచ్చు మీద పెట్టిన చప్పుడు. ఒక్కటి. కాస్త ఆగి, ఇంకొకటి. వాడికి తెలియకుండానే లెక్కపెట్టాడు. మూడు... నాలుగు... ఐదు... ఆరు... ఏడు.

ఏడు తర్వాత నిశ్శబ్దం.

వీధి తలుపుకి తాళం వేసే ఉంది. తుప్పు పట్టిన తాళం, వాళ్ల నాన్న వేసినదే. తాళంచెవి ఫ్రాన్సిస్ జేబులోనే ఉంది. అంటే లోపలికి ఇంకెవరూ పోవడానికి లేదు... కానీ తలుపు సందులోంచి సన్నగా పొగ వస్తోంది. ఊదు పొగ. దాని వెనకే ఉడుకు అన్నం వాసన. ఆ వెనకే, దేవుడా, ఎండురొయ్యలు వేసిన సొరకాయ కూర వాసన.

వాడు రైల్లోనే షుగరు మాత్ర వేసుకున్నాడు, రేపల్లెలో దిగగానే తినొచ్చులే అని. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. వణుకు భయానిదో షుగరుదో వాడికే తెలియలేదు. చెమట పట్టింది. ఫోను లైటు గోడ మీద గంతులేస్తోంది.

అప్పుడు — తలుపుకి అవతల, చెవి దగ్గర చెప్పినట్టుగా —

"అన్నం తిన్నావా బాబూ?"

తిన్నాననాలి. ఆటో అతను చెప్పాడు. ఊరంతా అంటుంది. ఫ్రాన్సిస్ నోరు తెరిచాడు.

"లేదమ్మా," అన్నాడు.

లోపల పెద్ద నిట్టూర్పు. అడుగుల చప్పుడు ఇంటి వెనక్కి పోయింది. పెరటివైపు గొళ్లెం తీసిన చప్పుడు. గోడ మలుపులోంచి లాంతరు వెలుగు ముందు వచ్చింది, తర్వాత తెల్లటి ముసుగు వచ్చింది. ముసుగులో మొహం కనపడలేదు.

"రా," అంది. "ముప్పై ఏళ్లకి ఒక్కడు దొరికాడు."

ఆ తర్వాత కళ్లు తిరిగి పడిపోయానని వాడు ఒప్పుకోడు. "కాసేపు పడుకున్నానత్తయ్యా" అంటాడు. లేచేసరికి వాడి నోట్లో బెల్లంముక్క ఉంది. దెయ్యాలు మనుషులకి బెల్లం పెట్టినట్టు ఎక్కడా వినలేదు కాబట్టి వాడికి కాస్త ధైర్యమొచ్చి చుట్టూ చూశాడు. మధ్య గదిలో గచ్చు మీద ఏడు సత్తు పళ్లేలు వరసగా ఉన్నాయి. ప్రతి పళ్లెంలోనూ అన్నం, కూర. ఏ పళ్లెం ముందూ మనిషి లేడు. లేవబోయి దగ్గరున్న పళ్లెం ముందు కూలబడ్డాడు.

"అది కాదు. అది హనుమయ్యది. ఇటు రా, ఇక్కడ కూర్చో. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

పళ్లెం అంచున మేకుతో కొట్టిన చుక్కలు. చుక్కలు కలిపి చదివాడు. శాలేమురాజు. చచ్చిపోయిన వాళ్ల నాన్న పేరు.

"తిను బాబూ," అంది ఆవిడ ముసుగు వెనక్కి తోసి. ఎనభై దాటిన ముసలావిడ. పళ్లు లేవు. ముక్కుకి చిన్న పుడక. "నా పేరు నాగూర్‌బీ. నీకు మేనత్తనవుతాను."

రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోనొచ్చింది.

"అత్తయ్యా, తాతయ్యకి పిల్లలెంతమంది?"

"ముగ్గురు. నీకు మతిపోయిందా? మతిపోవాల్సింది నాకు కదరా."

"ఇక్కడ ఏడు పళ్లేలున్నాయత్తయ్యా. పేర్లు కొట్టి ఉన్నాయి. శాలేమురాజు, నాగూర్‌బీ, యోబు, విజయమ్మ, హనుమయ్య, చిన్నయ్య, కృపారాణి."

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. మా ముగ్గురి పేర్ల మధ్య ఇంకో నలుగురు కూర్చున్నారు, ఇరుక్కుని కాదు, చోటున్నట్టే కూర్చున్నారు.

నాకు వాళ్లు బొత్తిగా తెలియరని చెప్పలేను. నా చిన్నప్పుడు మా వరండాలో కొంతమంది పిల్లలు పడుకునేవాళ్లు. ఆ రోజుల్లో ఊళ్లో పిల్లలు రాత్రి చదువుకని పంతులు గారి అరుగు మీదే పడుకోవడం మామూలే. "వాళ్లెవరమ్మా" అంటే "బడి పిల్లలే" అనేది అమ్మ. తెల్లారితే లేచి వాళ్ల ఇళ్లకి పోతారనుకున్నాను. పోతున్నారో లేదో ఏ రోజూ చూడలేదు. నాకు ఐదారేళ్లు వచ్చేసరికి వరండా ఖాళీ అయిపోయింది. దాంతో మర్చిపోయాను. మతిమరుపు నాకు ఇప్పుడొచ్చింది కాదన్నమాట.

నాగూర్‌బీ ఫ్రాన్సిస్‌కి చెప్పింది ఇది. ఆవిడకి ఆరేళ్లప్పుడు రేపల్లెలో వాంతుల జబ్బు వచ్చి అమ్మా అబ్బా ఒకే వారంలో పోయారు. మా అమ్మ వెళ్లి తెచ్చుకుంది. పేరు మార్చలేదు, బాప్తిస్మం ఇప్పించలేదు. కుటుంబ ప్రార్థనప్పుడు ముసుగేసుకుని పక్కన కూర్చోమనేది, అంతే. పన్నెండో ఏట బాపట్ల నుంచి మేనమామ వచ్చి తీసుకెళ్లాడు. పెళ్లి చేసి మళ్లీ రేపల్లెకే పంపాడు. అమ్మ పోయాక నాగూర్‌బీకి ఒక్కటే దిగులు పట్టుకుందట. వాళ్లలో పోయినవాళ్ల పేరు మీద గురువారం సాయంత్రం ఫాతెహా చదివి, వండింది ఎవరికన్నా పెడతారు. అమ్మ పేరు మీద ఎవరు పెడతారు?

"మౌల్వీ సాబ్‌ని అడిగావా అమ్మీ?" అన్నాడట ఆవిడ కొడుకు ముబారక్.

"అడిగితే వద్దంటాడు. అందుకే అడగలేదు."

పెరటి తాళంచెవి అమ్మ ఎప్పుడో ఇచ్చింది. నెలకోసారి, మొదటి గురువారం, ముబారక్ ఆటోలో వస్తుంది. వండిన గిన్నెలు తెచ్చుకుంటుంది. అటక మీద నుంచి పళ్లేలు దించి కడిగి, ఎవరి చోట్లో వాళ్లవి వేస్తుంది, ఊదు వేసి చదువుకుంటుంది. అంతవరకూ బానే ఉంది. ఆ పైన వచ్చింది చిక్కు. ఆ అన్నం ఆకలిగా ఉన్నవాళ్లెవరన్నా తినాలి. అందుకని దారిన పోయేవాళ్లని పాపం మర్యాదగా అడుగుతుంది — అన్నం తిన్నావా అని.

ముప్పై ఏళ్ల పాటు ఊరు ఊరంతా, తిన్నాం తిన్నామని అరుచుకుంటూ పారిపోయింది. "ఇంత కడుపునిండిన ఊరు ఎక్కడా చూళ్లేదు బాబూ" అందట ఆవిడ.

ఇందులో ఇంకో సంగతి. దెయ్యం కథని రేపల్లె ఆటో స్టాండులో అందరికంటే బాగా చెప్పేవాడు ముబారకే. "చెప్పకపోతే తలుపులూ కిటికీలూ ఎప్పుడో ఊడబెరుక్కుపోయేవాళ్లండీ" అన్నాడు నాతో తర్వాత. నిజమే. అమ్మ ఇల్లు ఇన్నాళ్లు నిలబడిందంటే అమ్మని దెయ్యం చేసిన పుణ్యమే.

సరే. దెయ్యం తేలిపోయింది. రాయి సంగతి తేలాలి కదా. శుక్రవారం పొద్దున్నే కృపకి ఫోను చేశాను. అంతా చివరిదాకా వింది.

"అయితే ఇప్పుడేమంటావ్?" అంది.

"ఏడు పేర్లు రాసిస్తానంటున్నాను."

"సంతానము అని చెక్కిస్తున్నారక్కా. సంతానమంటే కన్నవాళ్లు. పెంచినవాళ్లని పెంచినవాళ్లుగా ఇంకో పక్కన చిన్నక్షరాల్లో రాయించు, నేను కాదన్నానా?"

"అమ్మ చిన్న పళ్లేల్లో పెట్టిందా వాళ్లకి?"

"నువ్వు కథలు చదివి చదివి ఇట్లా అయ్యావు. దిక్కులేనివాళ్ల మధ్యలో మన పేర్లు ఉంటే, చూసినవాళ్లు మనమూ అలా వచ్చినవాళ్లమే అనుకోరూ? నీకు పర్లేదేమో. నాకు ఆ ఊళ్లో ఉపదేశి గారమ్మాయినన్న పేరుంది." కాస్త మెత్తబడి, "అమ్మ మనల్నెంత గారాబం చేసేదక్కా! తిన్న పళ్లెం కూడా కడగనిచ్చేది కాదు, గుర్తుందా? చివరిదాకా తనే కడుక్కుంది. వాళ్లకి అలా చేసి ఉంటుందా?" అంది.

గుర్తుంది. నిజంగానే కడగనిచ్చేది కాదు. పెళ్లయి తెనాలి వచ్చాక, పళ్లేలు తోమడం రాదని మా అత్తగారు నన్ను ఏడిపించింది. నాకు ఆ గారాబం తలుచుకుంటే ఇప్పటికీ గర్వమే.

నలుగురి వివరాలు నాగూర్‌బీ దగ్గరే రాసుకోవాలి. ఆవిడకి ఎనభై నాలుగు. నాకు డెబ్భై ఏడు, పైగా ఈ బుర్ర. మేమిద్దరం మర్చిపోతే ఆ నలుగురూ ఎక్కడా లేనట్టే. అందుకని శనివారం ఫ్రాన్సిస్‌ని రమ్మని, రేపల్లె బండెక్కాను.

ముబారక్ మమ్మల్నిద్దర్నీ ఆ ఇంటికి తీసుకెళ్లేసరికి పొద్దువాలుతోంది. ముందే వచ్చి గుమ్మంలో కూర్చున్న నాగూర్‌బీ నన్ను చూసి లేచి నిలబడింది.

"విజ్జీ," అంది. నన్ను విజ్జీ అని పిలిచినవాళ్లు అందరూ పోయారనుకున్నాను.

అమ్మ పోయినప్పుడు ముసుగేసుకుని, అందరికీ వెనకాల నిలబడి ఏడ్చిన మనిషి లీలగా గుర్తొచ్చింది. పాత విద్యార్థి అనుకుని, "కాఫీ తాగి వెళ్లమ్మా" అన్నాను ఆ రోజు. అక్కకి.

కాయితం, పెన్ను తీశాను. ఆవిడ చెప్తుంటే రాసుకున్నాను. యోబు పెద్దయి రైల్వేలో చేరి, ఎక్కడో దూరప్రాంతంలో పోయాడు. చిన్నయ్య ఎక్కడికీ పోలేదు. ఏడో ఏట జ్వరమొచ్చి పోతే గుడి వెనక పూడ్చారు, రాయి లేదు. హనుమయ్యని మూడేళ్ల తర్వాత వాళ్లవాళ్లు వెతుక్కుంటూ వచ్చి తీసుకెళ్లారు. వెళ్లేటప్పుడు వాళ్లు నాన్నకి దణ్ణం పెట్టి ఒక్కటే అడిగారట — వీడు మీ ఇంట్లో అన్నం తిన్నట్టు ఎవరికీ చెప్పకండి, మా ఊళ్లో మేం తలెత్తుకోలేం అని.

"ఆ రోజు నుంచే మేమందరం బడి పిల్లలం అయ్యాం," అంది నాగూర్‌బీ. "ఒక్కడి కోసం అందరికీ ఒకే పేరు పెట్టింది అమ్మ."

నాకు ఉన్నట్టుండి ఒకటి గుర్తొచ్చింది. "అక్కా, నువ్వు నెలకి ఒక్క గురువారమే వస్తానంటున్నావ్. ఊళ్లోవాళ్లు ప్రతి గురువారం వినపడుతుందంటారు?"

ముబారక్ నవ్వాడు. "భయం ఉన్నోళ్లకి రోజూ వినపడుద్దండి."

నాగూర్‌బీ నవ్వలేదు. "నేను వచ్చేది మొదటి గురువారమే విజ్జీ," అంది. "మిగతావి నాకు తెలియదు. కాకపోతే... వచ్చినప్పుడల్లా పళ్లేల మీద దుమ్ము ఉండదు."

గదిలో వెలుతురు తగ్గింది. ఫ్రాన్సిస్ లేచి లాంతరు వెలిగించాడు.

"ఎవరెవరు ఏ ఊరినుంచి వచ్చారో కూడా చెప్పక్కా, రాసుకుంటాను," అన్నాను, ఆ మాట మార్చడానికి.

"నన్నడగడం దేనికి? అమ్మ కొట్టే పెట్టిందిగా." తన పళ్లెం తిప్పి చూపించింది. అడుగున, నడిమధ్యన, చిన్న చుక్కలు: రేపల్లె. యోబుది తిప్పింది: చుండూరు. హనుమయ్యది: జాగర్లమూడి. చిన్నయ్యది: కాలవ కట్ట. "వచ్చిన రాత్రే కొట్టేది. రేపు ఎవరన్నా వెతుక్కుంటూ వస్తే, ఎక్కడి బిడ్డో తెలియాలి కదా అనేది."

నాలుగు ఊళ్లూ రాసుకున్నాను. పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ నా పేరున్నదాన్ని ముద్దుగా చేతిలోకి తీసుకున్నాను. డెబ్భై ఏళ్ల కిందటి పళ్లెం.

వేళ్లకి ఏదో తగిలింది.

అడుగున. నడిమధ్యన. చుక్కలు...

"మా పళ్లేల అడుగున ఏముంటుందక్కా? మేం ఇంట్లో పిల్లలం కదా," అన్నాను.

నాగూర్‌బీ కిటికీలోంచి కాలవ వైపు చూస్తోంది.

లాంతరు దగ్గరికి జరిగి పళ్లెం తిప్పాను. చదివాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను.

తెనాలి స్టేషను.

పద్దెనిమిదో ఏట పెళ్లయి తెనాలి వచ్చాను. యాభై తొమ్మిదేళ్లుగా అది అత్తగారి ఊరనుకుంటూ, ఆ నీళ్లు పడలేదనీ, ఆ మనుషులకి ప్రేమల్లేవనీ, ఎంతైనా పుట్టినూరు పుట్టినూరేననీ గొణుక్కుంటూ బతికాను. పుట్టినూరు అదేనట.

ఫ్రాన్సిస్ వాళ్ల నాన్న పళ్లెం తీసి తిప్పాడు. కారంచేడు. గుమ్మంలో చతికిలబడ్డాడు.

"షుగరు మా తాతయ్య నుంచి వచ్చిందని పదిహేనేళ్లుగా డాక్టర్లకి చెప్తున్నానత్తయ్యా," అన్నాడు. "ప్రతివాడూ రాసుకున్నాడు కూడా."

"అంటే... అమ్మకి కన్నబిడ్డలు—"

"లేరు విజ్జీ," అంది నాగూర్‌బీ. "ఒక్కళ్లూ లేరు."

"మాకు చెప్పాలి కదా ఎవరో ఒకరు!"

"చెప్తే కొందరు ఎక్కువ తింటారు, కొందరు తక్కువ తింటారు అనేది అమ్మ. అందుకే పళ్లేలు తనే కడుక్కునేది."

నా గారాబం! యాభై తొమ్మిదేళ్లు అత్తగారికి ఎదురు చెప్పుకున్న గారాబం! నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. నవ్వుతూనే ఉన్నాను, కళ్లు ఎందుకు తడిశాయో మరి. మర్చిపోతానేమోనని భయపడి రాయించబోయిన మూడు పేర్లలో నాకు నిజంగా తెలిసింది ఒక్కటీ లేదు.

అడుగున ఇంకొక పళ్లెం మిగిలింది. అంచున కృపారాణి అని ఉంది. దాన్ని తీశాను. కింద చెయ్యి పెట్టాను. చుక్కలు తగిలాయి. నా చెయ్యి అక్కడే ఆగింది.

తిప్పలేదు. ఫ్రాన్సిస్ తువ్వాల్లో చుట్టేశాను.

కృపా, ఈ కాయితాలు ముందు నీకే పంపుతున్నాను. రాయి చెక్కే మనిషిని బుధవారం దాకా ఆగమన్నాను. వచ్చిన వరసలో పేర్లు ఇవి: శాలేమురాజు, నాగూర్‌బీ, యోబు, విజయమ్మ, హనుమయ్య, చిన్నయ్య, కృపారాణి. నాకు వరస నిలవదని నీకు తెలుసు. హనుమయ్య ముందో చిన్నయ్య ముందో నాగూర్‌బీ అక్కకి ఫోను చేసి కనుక్కో, నంబరు ఫ్రాన్సిస్ ఇస్తాడు. నీ పళ్లెం కూడా వాడే తెస్తాడు. అడుగున ఏ ఊరుందో నేను చదవలేదు. ముందు అందులో అన్నం పెట్టుకుని కడుపునిండా తిను. కడిగేటప్పుడు చూద్దువుగాని. ఆ తర్వాత కూర్చుని పేర్లు సరిచూడు. అక్షరం తప్పుంటే దిద్దు, నువ్వు టీచరువి. పేరు మాత్రం ఒక్కటీ తీసెయ్యకు.